వేరే గ్రహం మీద మనుషులు ఉండగలరా అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మూడో తరగతి చదివే మీ బాబు యూట్యూబ్‌లో ఏదో వీడియో చూసి "భూమి పాడైపోతే మనందరం మార్స్‌కి వెళ్ళిపోతాం కదమ్మా" అంటున్నాడు, ఏడో తరగతి పాపేమో "అదంతా ఉత్తిదే, ఎవరూ వెళ్ళలేరు" అని కొట్టిపారేస్తోంది, ఇద్దరికీ ఏం చెప్పాలో, ఏ వయసు వాళ్ళకి ఎంతవరకు చెప్పాలో తెలియట్లేదు అన్నారు. నేను సూళ్ళూరుపేట వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తానండి. మా పిల్లలు షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) నుంచి రాకెట్ లేస్తే డాబా ఎక్కి చూసే పిల్లలు, కాబట్టి ఈ ప్రశ్న మాకు ప్రతి సంవత్సరం వస్తుంది, ప్రతి క్లాసులోనూ వస్తుంది.

ముందు సూటిగా సమాధానం. వెళ్ళడం వేరు, కొన్నాళ్ళు ఉండి రావడం వేరు, అక్కడే కాపురం పెట్టడం వేరు. ఈ మూడింటినీ విడగొట్టి చెప్పండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది. వెళ్ళడం అంటారా, మీ పిల్లలు పెద్దయ్యేలోపు జరగొచ్చు. ఉండి రావడం చాలా కష్టం, కానీ ఏ సైన్స్ సూత్రమూ దానికి అడ్డు రాదు. కాపురం పెట్టడం, పిల్లల్ని కనడం, తరతరాలు బతకడం మాత్రం ఈ రోజు ఏ సైంటిస్టూ గ్యారంటీగా "అవును" అని చెప్పలేరు. అంటే మీ బాబు చెప్పిందీ పూర్తిగా నిజం కాదు, పాప చెప్పిందీ పూర్తిగా నిజం కాదు.

రెండోది, ఇది నా అనుభవంలో అన్నిటికంటే ముఖ్యమైనది: రాకెట్‌తో మొదలుపెట్టకండి, మీ పిల్లాడి ఒంటితో మొదలుపెట్టండి. మామూలుగా అందరం రాకెట్ ఎంత ఎత్తు, ఎంత స్పీడు, మార్స్ ఎంత దూరం అని మొదలుపెడతాం, పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, ఆ తర్వాత వాళ్ళకి గుర్తుండేది రాకెట్ ఒక్కటే. అక్కడికెళ్ళాక ఏం పీలుస్తారు, ఏం తాగుతారు అన్నది ఎవరికీ తట్టదు. అదే "పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా నువ్వు ఏమేం వాడుకున్నావో చెప్పు" అని అడిగితే మూడో తరగతి పిల్లాడు కూడా లిస్ట్ చెప్పేస్తాడు, బ్రష్, నీళ్ళు, ఇడ్లీ, స్కూల్ బస్సు అని. గాలి మాత్రం ఎవరూ చెప్పరు. మీరే గుర్తుచెయ్యాలి. గుర్తుచేసిన క్షణం వాళ్ళ మొహం మారుతుంది చూడండి, నేను ఈ పాఠం చెప్పేది ఆ మొహం కోసమే.

అక్కడి నుంచి లెక్కలోకి దిగండి. ఒక మనిషికి రోజుకి సుమారు 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మార్స్‌కి వెళ్ళడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది, వెళ్ళాక వెంటనే తిరిగి రావడం కుదరదు, ఎందుకంటే భూమి, మార్స్ రెండూ సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉంటాయి కాబట్టి మంచి దారి దొరికే సమయం సుమారు 26 నెలలకి ఒకసారి మాత్రమే వస్తుంది. అంటే పోయి రావడానికి మొత్తం మీద రెండున్నర, మూడేళ్ళు. పాప ఏడో తరగతి అన్నారు కదా, 900 రోజులు అని ఇచ్చి గుణించమనండి. ఒక్కరికి 756 కిలోలు, నలుగురు వెళ్తే మూడు టన్నులు, ఇది గాలి ఒక్కటే. నీళ్ళు, తిండి ఇంకా మొదలే కాలేదు. "ఇదంతా మోసుకెళ్ళగలమా, లేక అక్కడే తయారు చేసుకోవాలా" అన్న ప్రశ్న ఇక మీరు అడగక్కర్లేదు, పాపే అడుగుతుంది.

అప్పుడు చెప్పండి మాక్సీ సంగతి. 2021 ఫిబ్రవరిలో మార్స్ మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లో ఈ పేరుతో చిన్న మెషిన్ ఒకటి పెట్టి పంపారు. అక్కడి గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడే, దాన్ని పీల్చుకుని అందులోంచి ఆక్సిజన్ విడగొట్టింది. 2023 దాకా మొత్తం 16 సార్లు నడిపితే వచ్చింది 122 గ్రాములు. దీన్ని మళ్ళీ పాపకే ఇవ్వండి, 840తో భాగించి చూడమనండి. ఒక మనిషికి సుమారు మూడున్నర గంటలు సరిపోయే గాలి. మా క్లాసులో ఈ లెక్క తేలాక పిల్లలు రెండు జట్లయిపోతారు, "ఇంతేనా" అనేవాళ్ళు కొందరు, "వేరే గ్రహం మీద నిజంగానే ఆక్సిజన్ తయారుచేశారా" అని ఆశ్చర్యపోయేవాళ్ళు కొందరు. రెండు జట్లనీ వాదించుకోనివ్వండి, మధ్యలో తీర్పు చెప్పకండి. నిజానికి ఇద్దరిదీ కరెక్టే.

మార్స్ గురించి ఇంకొన్ని విషయాలు పిల్లలకి సులువుగా ఎక్కుతాయి. అక్కడ రోజు మనకంటే సుమారు 40 నిమిషాలే ఎక్కువ, సంవత్సరం మాత్రం 687 రోజులు, "అయితే నా బర్త్‌డే రెండేళ్ళకి ఒకసారా" అని గ్యారంటీగా అడుగుతారు. సగటు చలి సున్నాకి 60 డిగ్రీలు కింద. గ్రావిటీ మన దాంట్లో 38 శాతం, 30 కిలోల పిల్లాడు అక్కడ మన ఇంట్లోని బరువు తూచే మిషనే పట్టుకెళ్ళి దాని మీద నిలబడితే 11 కిలోల చిల్లర చూపిస్తుంది. గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో ఒక శాతం కూడా ఉండదు. దీన్ని ప్రెషర్ కుక్కర్‌తో చెప్తే బాగా అర్థమవుతుంది: కుక్కర్లో ఒత్తిడి పెరిగితే నీళ్ళు వంద డిగ్రీలు దాటాక గానీ మరగవు, మార్స్ మీద దానికి రివర్స్, ఒత్తిడే లేదు కాబట్టి నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గరలోనే మరగడం మొదలుపెడతాయి. అందుకే సూట్ లేకుండా బయట నిలబడలేం, ఒక్క ఆక్సిజన్ సిలిండర్ సరిపోదు. చిన్నవాళ్ళకి ఇంతవరకు చాలు, ఒంట్లో ఏమవుతుంది అన్న భయంకరమైన వర్ణనలు వద్దు, రాత్రి నిద్రపోరు.

వీనస్ గురించి కూడా అడుగుతారు, దగ్గర్లోనే ఉంది కదా అని. 460 డిగ్రీలు పైనే వేడి, మన దగ్గర కంటే 90 రెట్ల ఒత్తిడి. 1982లో దిగిన సోవియట్ వ్యోమనౌక వెనెరా 13 అక్కడ పనిచేసింది 127 నిమిషాలు. ఇంత చెప్తే వాళ్ళే వద్దంటారు.

ఇక మీ బాబు మాట, "భూమి పాడైపోతే" అన్నది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పైకి ఆ పిల్లాడు హుషారుగా చెప్తున్నట్టే ఉంటుంది గానీ లోపల భయం ఉంటుంది, మా స్కూల్లో చాలామంది పిల్లల్లో చూశాను. భూమి పేలిపోతుందట, మనల్ని తీసుకెళ్ళరట, డబ్బున్నవాళ్ళే వెళ్తారట అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇలాంటి పిల్లాడికి మార్స్ వివరాలు చెప్పే ముందు ధైర్యం చెప్పాలి, అదీ నిజమైన ధైర్యం. నేను చెప్పేది అంటార్కిటికా గురించి. అక్కడ మన ఇండియాకి మైత్రి, భారతి అని రెండు స్టేషన్లున్నాయి, మైత్రి 1989 నుంచి, భారతి 2012 నుంచి. అంటార్కిటికాలో పీల్చడానికి గాలుంది, కరిగిస్తే కావాల్సినన్ని నీళ్ళు, మామూలు గ్రావిటీ ఉంది, ఓడ వెళ్తుంది, విమానం వెళ్తుంది. అయినా ఇప్పటికీ అక్కడ శాశ్వతంగా స్థిరపడిన జనం లేరు. సైంటిస్టులు వెళ్తారు, కొన్ని నెలలో ఏడాదో ఉంటారు, ఇంటికొచ్చేస్తారు. భూమి మీద అన్నిటికంటే కఠినమైన చోటు కూడా మార్స్ కంటే వెయ్యి రెట్లు నయం అని పిల్లాడికి ఇలా చెప్తే అర్థమవుతుంది. భూమి ఎంత పాడైనా దాన్ని బాగుచేసుకోవడమే మార్స్‌ని బాగుచేయడం కంటే సులువు, "నాన్నా, మనం ఎక్కడికీ పారిపోవక్కర్లేదు, వెళ్ళేవాళ్ళు తెలుసుకోవడానికి వెళ్తారు" అని ఒక్క మాట చెప్పండి. ఈ మాట పిల్లాడికి రెండు మూడుసార్లు వినపడాలి, ఒక్కసారి చెప్తే సరిపోదు.

అంటార్కిటికా ఉదాహరణ ఇంకో పని కూడా చేస్తుంది, పైన చెప్పిన "ఉండి రావడం", "కాపురం పెట్టడం" మధ్య తేడా కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది. దాంతోపాటు ఇది కూడా చెప్పండి: భూమి కాకుండా మనిషి అడుగుపెట్టింది ఇప్పటిదాకా చంద్రుడి మీద మాత్రమే, 1969 నుంచి 1972 మధ్య, 12 మంది. వాళ్ళలో ఎక్కువసేపు ఉన్న అపోలో 17 వాళ్ళు కూడా అక్కడ ఉన్నది సుమారు 75 గంటలు. మూడు రోజులు! మా పిల్లలు ఎవరూ దీన్ని ముందు నమ్మరు, నెలల తరబడి ఉన్నారనుకుంటారు. స్పేస్ స్టేషన్‌లో 2000 నవంబర్ నుంచి మనుషులు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు కదా అని పెద్ద పిల్లలు అడుగుతారు. నిజమే, కానీ అది మన నెత్తిన 400 కిలోమీటర్ల ఎత్తులో ఉంది, తిండీ సామానూ ఇక్కడి నుంచే వెళ్తాయి, ఏదైనా తేడా వస్తే గంటల్లో కిందికి దిగిపోవచ్చు. అక్కడ రోజుకి రెండు గంటలు వ్యాయామం చేసినా ఎముకలు, కండరాలు బలం తగ్గుతాయి. వాడిన నీళ్ళని, మూత్రంతో సహా, 98 శాతం దాకా శుభ్రం చేసి మళ్ళీ తాగుతారు. ఈ చివరి ముక్క చెప్తే క్లాసంతా ఛీ అంటారు, అప్పుడు నవ్వనివ్వండి, ఆ తర్వాత మూడు టన్నుల లెక్క మళ్ళీ గుర్తుచెయ్యండి. ఛీ అన్నవాళ్ళే "అయితే తప్పదు సార్" అంటారు.

ఇంట్లో చేయించదగ్గ పనులు ఒకటి రెండు చెప్తాను.

మొదటిది చీటీల ఆట. మార్స్ ఎక్కడుందో దాన్ని బట్టి అక్కడికి మన మాట చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, వెలుతురు వేగంతో వెళ్ళినా అంతే. పిల్లలు ఇద్దరూ రెండు గదుల్లో కూర్చోవాలి, ఒకరు మార్స్, ఒకరు షార్. మాట్లాడకూడదు, చీటీ రాయాలి, మీరు ఆ చీటీని ఐదు నిమిషాలు దగ్గర పెట్టుకుని అప్పుడు ఇవ్వాలి. మార్స్ మీద ఉన్నవాళ్ళకి ఒక సమస్య ఇవ్వండి, "సూట్‌లో గాలి తగ్గుతోంది" అని. మా క్లాసులో మొదటి రౌండులో ఎప్పుడూ "హలో, వినపడుతోందా" అని ఒక చీటీ వస్తుంది, దానికి జవాబు వచ్చేసరికి పది నిమిషాలు అయిపోతాయి, గాలి అయిపోయిందని నేను ప్రకటిస్తాను. ఒకసారి ఆరో తరగతి అమ్మాయి ఒకతె రెండో రౌండులో చీటీకి రెండు వైపులా నింపేసింది: మీటర్ ఇంత చూపిస్తోంది, ముందు పైప్ చూస్తాను, పైప్ బాగుంటే వాల్వ్ మారుస్తాను, మీరు జవాబు ఇచ్చేలోపు ఈ రెండూ చేసేస్తాను, అవి కాకపోతే ఇంకేం చెయ్యాలో చెప్పండి అని. మార్స్ మీద ఉండాలంటే ఎలాంటి మనిషి కావాలో నేను ఎంత లెక్చర్ ఇచ్చినా అంత బాగా చెప్పలేను.

ఈ ఆట అయ్యాక మంగళయాన్ కథ చెప్పండి, అప్పుడు అది బుర్రలో నిలుస్తుంది. 2013 నవంబర్ 5న మధ్యాహ్నం 2:38కి శ్రీహరికోట నుంచి లేచింది, 2014 సెప్టెంబర్ 24న మార్స్ చుట్టూ కక్ష్యలోకి వెళ్ళింది. ఆ రోజు ఇంజన్ వెలిగించే టైముకి సిగ్నల్ రావడానికి 12 నిమిషాల పైనే పట్టే దూరం, ఇక్కడి నుంచి ఎవరూ బటన్ నొక్కి నడిపించలేరు, అందుకని కమాండ్లన్నీ ముందే అందులో లోడ్ చేసి పెట్టారు. చీటీ ఆట ఆడిన పిల్లలకి ఇందులో కష్టం ఏంటో విడమర్చి చెప్పక్కర్లేదు.

రెండోది బొమ్మ గీయించడం. స్కూళ్ళలో "మార్స్ మీద మన ఊరు" అని డ్రాయింగ్ పోటీ పెట్టి ప్రైజ్ ఇచ్చి వదిలేస్తుంటారు, నాకు అది నచ్చదు, అసలు పాఠం బొమ్మ పూర్తయ్యాకే మొదలవ్వాలి. మా దగ్గర ఒక పిల్ల గుండ్రటి గాజు ఇల్లు గీసి, దానికి తెరిచిన కిటికీ పెట్టి, కిటికీ బయట దండెం మీద బట్టలు ఆరేసింది. "కిటికీ తెరిస్తే ఏమవుతుందమ్మా" అని మాత్రం అడిగాను. కాసేపు చూసి కిటికీ చెరిపేసింది, దండెం లోపలికి తెచ్చింది, మళ్ళీ కాసేపు ఆలోచించి "బట్టల్లోంచి వచ్చిన తడి ఎక్కడికి పోతుంది సార్" అని అడిగింది. నిజంగా అక్కడి ఇంజనీర్లు పట్టించుకోవాల్సిన ప్రశ్నే అది. మీరూ అంతే చెయ్యండి, తప్పు అని చెప్పకుండా బొమ్మలో ఒక్కో వస్తువు మీద వేలు పెట్టి ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతుంది అని అడగండి.

మొక్కల మీద ఇష్టం ఉంటే మెంతులు, పెసలు మొలకెత్తించండి. 2025లో స్పేస్ స్టేషన్‌కి వెళ్ళిన మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడ మొలకెత్తించింది కూడా ఈ మెంతులు, పెసలే. ఒక కుండీలో పొలం మట్టి, ఇంకో కుండీలో కడిగిన ఇసుక వేసి రెండిట్లోనూ వేయించండి. మొలక రెండిట్లోనూ వస్తుంది, వారాలు గడిచేకొద్దీ తేడా తెలుస్తుంది, మట్టి అంటే ఉత్త రాతి పొడి కాదు, అందులో జీవం ఉందని పిల్లలకి అప్పుడు అర్థమవుతుంది. మార్స్ మీద ఉన్నది రాతి పొడే, పైగా అందులో పర్‌క్లోరేట్ అనే విషపు లవణాలు ఉన్నాయని 2008లో ఫీనిక్స్ ల్యాండర్ కనిపెట్టింది. అదే ల్యాండర్ మట్టి కింద మంచు ఉందని కూడా నిర్ధారించింది. చెడ్డ వార్త, మంచి వార్త రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయి, పిల్లలకి రెండూ చెప్పండి.

పాపకి ఇంకొంచెం లోతుగా చెప్పొచ్చు. "అదంతా ఉత్తిదే" అనే పిల్లలు నిజానికి చాలా తెలివైనవాళ్ళు, వాళ్ళకి ఊహాచిత్రాలు చూపించి ఒప్పించడానికి ప్రయత్నించకండి, జరిగిన ప్రయోగాలు చెప్పండి. అమెరికాలో అరిజోనాలో బయోస్ఫియర్ 2 అని మూడెకరాల గాజు భవనం కట్టి, లోపల అడవి, పొలం, చిన్న సముద్రం లాంటిది పెట్టి 1991లో ఎనిమిది మందిని రెండేళ్ళు లోపల మూసేశారు. సుమారు 16 నెలల్లో ఆక్సిజన్ 21 శాతం నుంచి 14 శాతం దాకా పడిపోయింది, చివరికి బయటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది. కారణం అడగండి పాపని, మనుషులు పీల్చేశారు అంటుంది. కాదు, ఎరువు బాగా వేసిన మట్టిలోని సూక్ష్మజీవులు వాడేశాయి, అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని కాంక్రీటు గోడలు లాగేసుకున్నాయి, దాంతో మొక్కలకి దాన్ని తిరిగి ఆక్సిజన్‌గా మార్చే అవకాశం పోయింది. ఏడో తరగతిలో కిరణజన్య సంయోగక్రియ చదువుకునే పిల్లకి ఇంతకంటే మంచి డిటెక్టివ్ కథ లేదు. ఆ తర్వాత 2023 జూన్ నుంచి 2024 జూలై దాకా హ్యూస్టన్‌లో నలుగురు మార్స్ ఇల్లు లాంటి దాంట్లో 378 రోజులు ఉండి బయటికొచ్చారు. గాలి మామూలు గాలే, గ్రావిటీ మామూలు గ్రావిటీయే, కానీ నలుగురు మనుషులు ఏడాది పైగా ఒకే ఇంట్లో కలిసి ఎలా ఉంటారన్నది కూడా పరీక్షించాల్సిన విషయమే కదా.

ఇక అక్కడ పుట్టే పిల్లల సంగతి. 38 శాతం గ్రావిటీలో ఒక బిడ్డ ఎముకలు ఎలా పెరుగుతాయో, మళ్ళీ భూమి మీదికొస్తే నడవగలడో లేదో చెప్పడానికి ప్రపంచంలో ఎవరి దగ్గరా సమాచారం లేదు. ఇది పాపకి దాచకుండా చెప్పండి, పెద్దవాళ్ళకి కూడా తెలియని ప్రశ్న అని వింటే పిల్లలు ఎక్కువ గౌరవంగా వింటారు. హైస్కూల్ పిల్లలైతే 1967 అంతరిక్ష ఒప్పందం గురించి కూడా మాట్లాడొచ్చు, దాని ప్రకారం ఏ దేశమూ ఏ గ్రహాన్నీ మాదే అని చెప్పుకోకూడదు. మరి అక్కడ తవ్విన మంచు ఎవరిది, మన క్రిములు అక్కడికి చేరితే ఎవరు బాధ్యులు, ఇలాంటివి డిబేట్‌కి పెడితే మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారు.

సౌర కుటుంబం బయట ఇంకో భూమి దొరికిందట అని కూడా వీడియోలు తిరుగుతుంటాయి. దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ చుట్టూ ఒక గ్రహం ఉందని 2016లో తెలిసింది, అది నిజం. దూరం 4.2 కాంతి సంవత్సరాలు, అంటే వెలుతురు వెళ్ళడానికే 4.2 ఏళ్ళు పడుతుంది. సెకనుకి 17 కిలోమీటర్లు పోతున్న వాయేజర్ 1 అనే వ్యోమనౌక వేగంతో వెళ్తే అంత దూరానికి సుమారు 75 వేల ఏళ్ళు. కనిపెట్టడం వేరు, వెళ్ళడం వేరు అని చెప్పి అక్కడితో ఆపెయ్యండి.

ఇంకో విషయం, మన ఇళ్ళల్లో తప్పకుండా వస్తుంది. నాయనమ్మో అమ్మమ్మో "కుజుడు మంచి గ్రహం కాదు, అక్కడికి ఎందుకురా" అనొచ్చు. పిల్లల ముందు పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోకండి, పాఠం పక్కకి పోతుంది. గుళ్ళో నవగ్రహాల్లో ఉన్న కుజుడి పేరూ, ఆకాశంలో ఎర్రగా కనపడే ఆ చుక్క పేరూ ఒకటే అని చెప్పి, మార్స్ కనపడే రోజుల్లో రాత్రి డాబా మీదికి పెద్దావిడని కూడా తీసుకెళ్ళి చూపించండి. టెలిస్కోప్ అక్కర్లేదు, ఫోన్లో స్టెల్లేరియం లాంటి యాప్ ఉంటే ఎటు చూడాలో చెప్తుంది. హైదరాబాద్ వెళ్తే బిర్లా ప్లానిటోరియంలో తెలుగు షో చూపించండి, కుదిరితే మా షార్ దగ్గర లాంచ్ వ్యూ గ్యాలరీకి ఆన్‌లైన్‌లో ముందే రిజిస్టర్ చేసుకుని ఒక లాంచ్ చూపించండి.

వీడియోల గురించి: ఆపెయ్యకండి, పక్కన కూర్చుని చూడండి. "వెళ్ళారు" అన్నారా, "వెళ్తారు" అన్నారా, "వెళ్ళొచ్చు" అన్నారా అని బాబుని వింటూ చెప్పమనండి. మూడో తరగతి పిల్లాడు ఈ పని చాలా సరదాగా చేస్తాడు, అక్కని కూడా పట్టుకుంటాడు.

ముందు గాలి లెక్కతో మొదలుపెట్టండి, మిగతావన్నీ తర్వాత. అది చేశాక పాప ఏమందో ఇక్కడే రాయండి, నీళ్ళ లెక్క, తిండి లెక్క ఎలా చేయించాలో అప్పుడు చెప్తాను.